రేడియోకెమిస్ట్‌గా చేరబోతున్నా, లోపల అసలు పనేంటి? అమ్మ ఒప్పుకోవట్లేదు

పల్నాటి_సాయి · శుక్రవారం రాత్రి 9:48

అందరికీ నమస్కారం. నాగార్జున యూనివర్సిటీలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ ఈ ఏడే అయింది. ముంబై ట్రాంబేలో ఉన్న భాభా అణు పరిశోధన కేంద్రం, అదే బార్క్, ట్రైనింగ్ స్కూల్ ఇంటర్వ్యూ ఎలాగో గట్టెక్కాను, మెడికల్ కూడా అయిపోయింది. రేడియోకెమిస్ట్రీ (రేడియోధార్మిక పదార్థాల కెమిస్ట్రీ) వైపు వేసే అవకాశం ఎక్కువని సీనియర్ ఒకాయన అంటున్నాడు. ఇంకోపక్క హైదరాబాదులో ఒక ఫార్మా కంపెనీ ఆర్ అండ్ డీ వాళ్లు ఆఫర్ లెటర్ చేతిలో పెట్టారు, బుధవారంలోగా ఏదో ఒకటి చెప్పాలి.

ఇంట్లో రోజూ ఇదే గొడవ. అణుబాంబుల ఫ్యాక్టరీలోకి పోతానంటావేంట్రా, నీకు పిల్లనెవరిస్తారు అని అమ్మ. ఆ గాలి తగిలితే జుట్టు ఊడిపోతుందట, పిల్లలు పుట్టరట అని పక్కింటి అత్త ఆజ్యం. నాన్న ఏమీ అనడు, కానీ పేపర్లో ఫుకుషిమా అణు ప్రమాదం ముక్క ఎక్కడ కనిపించినా చింపి నా టేబుల్ మీద పెడుతున్నాడు.

పుస్తకంలో ఉన్నది నాకు తెలుసు. పొద్దున తొమ్మిదికి లోపలికి వెళ్లినవాడు సాయంత్రం దాకా చేత్తో ఏం చేస్తాడు అన్నది ఎక్కడా దొరకట్లేదు. నిజంగా చేసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి ప్లీజ్.

బుల్లెట్_రాజు · రాత్రి 9:55

చీకట్లో మెరుస్తావు బ్రో. కరెంటు బిల్లు మిగులుద్ది.

పాత_బీకరు · రాత్రి 11:20

రాజు గారూ, మెరిసేది రియాక్టర్ కొలనులో నీళ్లు, మనుషులు కాదు. ముప్పై మూడేళ్లు చేసి రిటైరయ్యాను, మా ఆవిడ ఇప్పటికీ లైటు వేసే నన్ను వెతుకుతుంది.

బాబూ సాయి, ఎక్కడ చేశానో అడగొద్దు, దేశంలో ఇలాంటి ల్యాబులు వేళ్ల మీద లెక్కపెట్టచ్చు. పని గురించి మాత్రం చెప్తాను, కాస్త పొడుగవుతుంది, రిటైరైనవాడికి టైముకేం తక్కువ.

అణుశక్తి అనగానే జనానికి ఫిజిక్స్ వాళ్లే గుర్తొస్తారు, నాకు అక్కడే మండుతుంది. యురేనియం పగులుతోందని పట్టుకున్నది కెమిస్టులయ్యా. 1938 డిసెంబరులో బెర్లిన్‌లో ఆటో హాన్, ఫ్రిట్జ్ స్ట్రాస్‌మన్ న్యూట్రాన్లు తగిలిన యురేనియంలో రేడియం పుట్టిందనుకుని, బేరియంతో కలిపి అవక్షేపం చేసి, మళ్లీ బేరియం నుంచి దాన్ని విడదీయాలని చూశారు. ఎన్నిసార్లు చేసినా విడిపోదు. విడిపోకపోవడానికి కారణం అది బేరియమే కావడం! యురేనియంలో సగం బరువున్న మూలకం అందులోకి ఎలా వచ్చిందో వాళ్లకే అర్థం కాలేదు, ఆ తర్వాత లీజ్ మైట్నర్, ఆవిడ మేనల్లుడు ఫ్రిష్ కలిసి విప్పి చెప్పారు. చేసింది మాత్రం నువ్వు బీఎస్సీలో చేసిన సాల్ట్ ఎనాలిసిస్ లాంటి పనే. కళ్లకి కనిపించనంత పదార్థం మీద చేశారు, తేడా అంతే. మన వృత్తి అంతా ఇదే అనుకో.

ఇక రోజువారీ సంగతి. రేడియోధార్మిక పదార్థాలతో పని చేసే చోటుకి, అంటే యాక్టివ్ ఏరియాకి ముందు ఒక బల్లలాంటి అడ్డు ఉంటుంది. దానికి ఇవతల మన చెప్పులు, అవతల ల్యాబు బూట్లు. కోటు, ఛాతీ మీద ఒంటికి ఎంత రేడియేషన్ తగిలిందో కొలిచే టీఎల్‌డీ బ్యాడ్జి. జేబులో పెన్ను కూడా లోపలిది లోపలే, బయటిది బయటే. నా మొదటి నెలలో మావయ్య పెళ్లికి పెట్టిన పార్కర్ పెన్ను మర్చిపోయి లోపలికి తీసుకెళ్లాను. అది బయటికి రావాలంటే మూలమూలా చెక్ చేయించాలి. సిగ్గేసి అక్కడే వదిలేశాను, పదేళ్లు ఆ ల్యాబులో లాగ్‌బుక్ రాయడానికి పనికొచ్చింది.

ప్లుటోనియం పని అంతా గ్లవ్ బాక్సులో. అద్దాల పెట్టె, దానికి భుజాల దాకా వచ్చే నల్లటి రబ్బరు గ్లవ్స్ బిగించి ఉంటాయి. నువ్వు చేతికి మామూలు సర్జికల్ గ్లవ్స్ వేసుకుని, పైన వాటిలోకి చేతులు దూర్చాలి. పెట్టె లోపల గాలి ఒత్తిడి బయటకన్నా కొద్దిగా తక్కువ ఉంచుతారు, ఎక్కడైనా చిల్లు పడితే బయటి గాలి లోపలికి పోవాలి గానీ లోపలిది బయటికి రాకూడదని. ఆ గ్లవ్స్‌తో మైక్రోపైపెట్ పట్టుకోవడం బాక్సింగ్ గ్లవ్స్‌తో సూదిలో దారం ఎక్కించడం లాంటిది. మొదటి వారం చేతులు చెమటకి నానిపోయి అప్పడం పిండిలా అవుతాయి. రెండో నెలకి వేళ్లకి కళ్లొస్తాయి.

మేం ఎక్కువగా చేసింది వాడేసిన ఇంధనం విశ్లేషణ. ఎంత కాలిందో లెక్కకట్టాలి. పొయ్యిలో కట్టెలు ఎన్ని మండాయో బూడిద చూసి చెప్పినట్టు, ఇక్కడ బూడిద నియోడైమియం-148. అది ఎంతుందో తెలిస్తే ఎన్ని పరమాణువులు పగిలాయో తెలుస్తుంది. శాంపిల్‌లోంచి చుక్క తూకం వేసి తీస్తాం (కొలత కాదు, తూకం, నాలుగు దశాంశాల దాకా), పోల్చి చూడటానికి అదే మూలకపు వేరే ఐసోటోప్ తెలిసినంత (దాన్నే స్పైక్ అంటాం) కలుపుతాం, రెసిన్ పూసలు నింపిన గొట్టంలో, అంటే అయాన్ ఎక్స్ఛేంజ్ కాలమ్‌లో విడదీస్తాం, చివర సన్నటి లోహపు తీగ మీద మైక్రోలీటరు చుక్క పెట్టి ఎండబెట్టి, పరమాణువుల్ని బరువు ప్రకారం వేరు చేసి లెక్కపెట్టే మాస్ స్పెక్ట్రోమీటర్‌కి పంపిస్తాం. ఈ ఒక్క అంకె రావడానికి మూడు నాలుగు రోజులు. కాలమ్ చుక్క చుక్కగా కారుతుంటే ఎదురుగా కూర్చోవడమే, తొందరపెడితే చెడిపోతుంది. నా ఉద్యోగంలో మూడోవంతు కాలమ్ ఎదుట కూర్చోవడానికే సరిపోయింది.

పల్నాటి_సాయి · రాత్రి 11:41

సార్ చాలా థాంక్స్. ఇలా ఎవరూ చెప్పలేదు. ఒక డౌటు, ప్లుటోనియం కంటికి కనిపిస్తుందా? అంటే రంగు అలా ఏమైనా?

పాత_బీకరు · రాత్రి 11:58

అడగాల్సిన ప్రశ్న అడిగావు. కనిపిస్తుంది, అందంగా కూడా ఉంటుంది! మూడో ఆక్సీకరణ స్థితిలో (అంటే మూడు ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్నప్పుడు) నీలం, కొంచెం వంకాయ రంగు కలిసిన నీలం. నైట్రిక్ ఆమ్లంలో నాలుగో స్థితికి వస్తే ఆకుపచ్చా గోధుమా కానిదేదో రంగు. ఆరులో పండిన పీచు పండు తొక్కలా ఉంటుంది. వాడేసిన ఇంధనంలోంచి ప్లుటోనియం తీసే ప్యూరెక్స్ పద్ధతి మొత్తం ఈ స్థితి మారడం మీదే నిలబడి ఉంది. అందులో వాడేది ఒక నూనె, ట్రైబ్యూటైల్ ఫాస్ఫేట్ ముప్పై శాతం, మిగతాది కిరోసిన్ వాసనొచ్చే డోడెకేన్. గాఢ నైట్రిక్ ఆమ్లంలో ఉన్నప్పుడు యురేనియం, నాలుగో స్థితి ప్లుటోనియం రెండూ నూనెలోకి పోతాయి, సీజియం, స్ట్రాన్షియం లాంటివి నీళ్లలో మిగిలిపోతాయి. తర్వాత ప్లుటోనియాన్ని మూడుకి దించామంటే నూనె దాన్ని వదిలేస్తుంది, నీళ్లలోకి వచ్చేస్తుంది, యురేనియం అక్కడే ఉంటుంది. సెపరేటింగ్ ఫనెల్‌లో నువ్వు చేసిన పనే. ట్రాంబేలో 1964 నుంచి మనవాళ్లు ఈ పద్ధతితోనే తీస్తున్నారు.

మొదటిసారి గోధుమ రంగు ద్రావణం నా చేతుల్లో నీలంగా తిరిగిన రోజు అన్నం తినబుద్ధి కాలేదు. భయంతో కాదు.

అర్ధాయువు · శనివారం ఉదయం 6:30

పాత బీకరు గారూ, కాలమ్ ఎదుట కూర్చోవడం అన్నారే, అచ్చంగా నా జీవితం. నేను ఇప్పుడు పని చేస్తున్నదాన్నే, ఎనిమిదేళ్లయింది.

సాయి తమ్ముడూ, అమ్మగారి భయానికి అంకెలతో జవాబిస్తా. మన దేశంలో రేడియేషన్‌తో పని చేసేవాళ్లకి అణుశక్తి నియంత్రణ బోర్డు, అదే ఏఈఆర్‌బీ, పెట్టిన హద్దు ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్ (ఒంటికి తగిలిన రేడియేషన్ కొలత), ఏ ఒక్క ఏడాదీ 30 దాటకూడదు. మామూలు జనానికి 1. నేల, రాళ్లు, గాలిలో రేడాన్, ఆకాశం, మనం తినే తిండి, వీటన్నింటి నుంచి ప్రపంచ సగటు మనిషికి ఎటూ ఏడాదికి 2.4 దాకా వస్తుంది. కడుపుకి ఒక సీటీ స్కాన్ తీయించుకుంటే పది దాకా పోవచ్చు. పక్కింటి అత్తగారు గ్యాస్ నొప్పికి కూడా స్కాన్ తీయించుకునే రకమైతే, ఆవిడని నీ టీఎల్‌డీ రికార్డుతో పోటీకి రమ్మను. నా కార్డులో చాలా కాలాలకి సున్నానే.

ఆ బ్యాడ్జి లోపల కాల్షియం సల్ఫేట్‌లో డిస్ప్రోసియం కలిపిన మూడు చిన్న బిళ్లలుంటాయి. రేడియేషన్ తగిలితే శక్తి దాచుకుంటాయి, వేడి చేస్తే వెలుగుగా కక్కుతాయి. ఆ వెలుగు కొలిస్తే డోస్ ఎంతో తెలుస్తుంది. అబద్ధం ఆడటం దానికి రాదు.

కానీ అసలు జాగ్రత్త పడాల్సింది బయటి నుంచి తగిలేదాని గురించి కాదు. ప్లుటోనియం వెదజల్లే ఆల్ఫా కణాల్ని కాగితం ఆపేస్తుంది, చర్మం పైపొర ఆపేస్తుంది. ఊపిరితో లోపలికి పోతేనే చిక్కు. ఒక మైక్రోగ్రాము ప్లుటోనియం-239 అంటే సెకనుకి 2300 ఆల్ఫాలు. ఇంత తక్కువ పదార్థం ఇంత గోల చేస్తుంది కాబట్టే దొరికిపోతుంది కూడా, అది మన అదృష్టం. లోపలికి పోయిందేమో చూసే ఆ పరీక్షే బయో అస్సే. ఇరవైనాలుగు గంటల మూత్రం పెద్ద ప్లాస్టిక్ క్యాన్‌లో పట్టి ఇవ్వాలి. పెళ్లయిన కొత్తలో ఆ క్యాను సంచిలో పెట్టుకుని ఇంటికి తెచ్చాను, అత్తయ్య అది ఆవు పంచకం అనుకుని పూజగదిలో పెట్టబోయారు. తర్వాత మూడు నెలలు మా వారు ఆ కథ ఎవరొచ్చినా చెప్పేవారు.

కల్పాక్కం_కోడలు · ఉదయం 7:15

అయ్యో అర్ధాయువూ, పొద్దున్నే కాఫీ పొలమారింది 😀

సాయి, మా ఆయన ఇరవై ఏళ్లుగా ఈ పనే. ఇద్దరు పిల్లలు, పెద్దది ఇప్పుడు ఇంటర్, గొంతు ఎత్తితే టౌన్‌షిప్ అంతా వినిపిస్తుంది, ఆరోగ్యానికి లోటేం లేదు. పెళ్లి చూపులప్పుడు మా బాబాయి పక్కకి తీసుకెళ్లి అడిగాడట, అబ్బాయికి రేడియేషన్ ఏమైనా ఉందా అని, కట్నం గురించి అడిగినంత సీరియస్‌గా. ఈయన నవ్వి, మా ఆఫీసు గేటులో రోజూ చెక్ చేసి పంపిస్తారండీ, మీ ఊరి గ్రానైట్ క్వారీలో అయితే ఎవరూ చెక్ చేయరు అన్నారట. మా బాబాయిది చీమకుర్తి. సంబంధం ఎలా కుదిరిందో నాకిప్పటికీ అర్థం కాదు.

నాకు తెలిసిన కష్టం ఒకటే, సాయంత్రం ఇంటికొచ్చాక ఏం చేశారని అడిగితే పెద్దగా చెప్పరు. పిల్లలు స్కూల్లో మా నాన్న సీక్రెట్ ఏజెంట్ అని చెప్పుకున్నారు కొన్నాళ్లు.

నిప్పులాంటి_నిజం · ఉదయం 10:02

అందరూ కలిసి కుర్రాడికి తేనె పూస్తున్నారు. అంత సేఫ్ అయితే జపాన్‌లో తొకైమురా ఇంధన ప్లాంటులో మనుషులు ఎలా పోయారండీ? 1957లో సోవియట్ మయాక్‌లో వ్యర్థాల ట్యాంకు పేలి ఎంత నేల పాడైందో చెప్పరేం? అవన్నీ కెమిస్ట్రీ యాక్సిడెంట్లే కదా, రియాక్టర్లవి కాదు. ఇక్కడంతా సీక్రెట్ కాబట్టి మనకి తెలియదు అంతే.

పాత_బీకరు · ఉదయం 11:30

నిజం గారూ, మీరన్నది తప్పు కాదు, కుర్రాడికి ఇవి కూడా తెలియాలి. నేనే చెప్పి ఉండాల్సింది.

తొకైమురా 1999 సెప్టెంబరు 30. యురేనియాన్ని కరిగించే పనిలో తొందర కోసం విధానం పక్కనపెట్టి, 18.8 శాతం సుసంపన్నమైన యురేనైల్ నైట్రేట్‌ని స్టీలు బకెట్లతో ఒక పెద్ద అవక్షేపణ ట్యాంకులో పోశారు. ఆ ట్యాంకు ఆకారమే దానికి తగింది కాదు, లావు పాత్రలో ఒకేచోట అంత పోగైతే గొలుసు చర్యకి దారి. ఏడో బకెట్టుకి నీలి మెరుపు వచ్చింది, గొలుసు చర్య మొదలైపోయింది. ఇద్దరు పోయారు. మా తరంవాళ్లం ఆ రిపోర్టు చదివి రెండు రోజులు మాట్లాడుకోలేదు. ప్లుటోనియం పాత్రలు సన్నగా, బల్లపరుపుగా ఎందుకుంటాయో, ఒక బాక్సులో ఇన్ని గ్రాములకి మించి పెట్టకూడదని బోర్డు ఎందుకు వేలాడుతుందో కొత్తగా వచ్చిన ప్రతివాడికీ దీంతోనే చెప్పేవాణ్ణి. బకెట్ అనే మాట మా ల్యాబులో తిట్టు అయిపోయింది.

ఇంకొకటి మీకు తెలుసో లేదో, 1976లో అమెరికాలో హాన్‌ఫర్డ్ ప్లుటోనియం ప్లాంటులో హెరాల్డ్ మెక్‌క్లస్కీ అనే ఆపరేటర్ మొహం మీదే అమెరీషియం అనే రేడియోధార్మిక లోహం ఉన్న అయాన్ ఎక్స్ఛేంజ్ కాలమ్ పేలింది. సమ్మె వల్ల నెలలపాటు పని ఆగిపోయి, రెసిన్ ఆ యాక్టివిటీతో అలాగే ఉండిపోయింది. మళ్లీ మొదలుపెట్టి గాఢ నైట్రిక్ ఆమ్లం పోశారు. అరవైనాలుగేళ్ల మనిషి. ఇంకో పదకొండేళ్లు బతికి, 1987లో గుండెజబ్బుతో పోయాడు. ఇందులో పేలింది రేడియేషన్ కాదు, సేంద్రియ రెసినూ నైట్రిక్ ఆమ్లమూ. రేడియేషన్ గురించి అంతమంది కాపలా కాస్తుంటే, మనం మామూలు కెమిస్ట్రీని మర్చిపోతాం. సాయీ, నువ్వు అక్కడ పోగొట్టుకోకూడని భయం అది.

సీక్రెట్ అన్నారు, ఒప్పుకుంటాను. కొన్ని ఫలితాలు అచ్చు వేయనివ్వరు. నాకూ అది గిట్టలేదు.

టెక్నీషియం_తల్లి · మధ్యాహ్నం 1:10

ఇన్ని పోస్టుల్లో ఎవరూ హాస్పిటల్ మాట ఎత్తలేదు, కాబట్టి నేను దూరుతున్నా. హైదరాబాదులో న్యూక్లియర్ మెడిసిన్ టెక్నాలజిస్ట్‌ని. నా రోజు ఆవును పితకడంతో మొదలవుతుంది. నిజం! చిన్న సీసపు డబ్బాలో అల్యూమినా కాలమ్, దాని మీద మాలిబ్డినం-99. దాని అర్ధాయువు (సగం తరిగిపోవడానికి పట్టే కాలం) 66 గంటలు, అది క్షీణించి టెక్నీషియం-99ఎం అవుతూ ఉంటుంది, పేషెంట్‌కి స్కాన్ కోసం ఎక్కించేది అదే. పొద్దున్నే సెలైన్ ఎక్కిస్తే టెక్నీషియం మాత్రమే దిగుతుంది, మాలిబ్డినం కాలమ్‌నే పట్టుకుని ఉంటుంది. మర్నాటికి మళ్లీ పొదుగు నిండుతుంది. మేం దాన్ని పితకడం అనే అంటాం, ఇంగ్లీషులోనూ అదే మాట.

టెక్నీషియం ఆరు గంటలకి సగం అయిపోతుంది. పేషెంట్ ట్రాఫిక్‌లో ఇరుక్కుని లేటయితే నా డోసు నీరుగారిపోతుంది, ఫోన్ చేసి ఎక్కడున్నారండీ అని బతిమాలతాను. ఐయోడిన్-131 ఎనిమిది రోజులు, థైరాయిడ్ క్యాన్సర్ వాళ్లకి. ట్రాంబేలో ధ్రువ రియాక్టర్‌లో టెల్లూరియం ఆక్సైడ్ పెట్టి న్యూట్రాన్లు తగిలించి, వేడి చేసి ఐయోడిన్‌ని ఆవిరిగా లాగి పట్టుకుంటారు, అది చేసేది ఎవరనుకున్నారు? ఈ రేడియోకెమిస్టులే. అక్కడ ఎవరో రాత్రంతా కూర్చుంటే ఇక్కడ మా వార్డులో గుంటూరు నుంచో ఖమ్మం నుంచో వచ్చినావిడ గోలీ మింగుతుంది. క్యాన్సర్‌కి ఇచ్చే ల్యుటీషియం-177 కూడా అంతే.

సాయి, అమ్మగారికి ఇది చెప్పు. బాంబు మాట కాసేపు పక్కన పెడతారు.

జీడిమెట్ల_మొనగాడు · మధ్యాహ్నం 3:45

ఫార్మా వైపు నుంచి నేను. పన్నెండేళ్లు, మూడు కంపెనీలు, పేర్లెందుకు. జీతం మొదట్లో మీకన్నా తక్కువే ఉంటుంది, తర్వాత మారినకొద్దీ పెరుగుతుంది, ఒప్పుకుంటా. హైదరాబాదులోనే ఉంటాం, అమ్మ చేతి వంట.

కానీ పై పోస్టులు చదివాక నాకు ఒకటి గుచ్చుకుంది. మీకు లోపల ఎంత తగిలిందో కొలిచి, కార్డు మీద రాసి, రిటైరయ్యాక కూడా దాచి ఉంచుతారట. నేను పన్నెండేళ్లలో పీల్చిన డైక్లోరోమీథేన్, టోలీన్, డీఎంఎఫ్ లాంటి ద్రావకాల ఆవిరి ఎంతో ఎవరికి తెలుసు? ఒక చోట ఎగ్జాస్ట్ పాడై ఆరు వారాలు అలాగే పని చేశాం, రాత్రి షిఫ్టులో తలనొప్పి వస్తే టీ తాగి వచ్చేవాళ్లం. నా ఛాతీ మీద ఏ బిళ్లా లేదు. మా అమ్మ మాత్రం ఇన్నేళ్లలో ఒక్కసారీ భయపడలేదు, ఎందుకంటే ఫార్మా అంటే మందులే కదా అనుకుంటుంది.

నిప్పులాంటి_నిజం · మధ్యాహ్నం 4:20

మొనగాడు గారి పోస్టు బాగుంది. కొలవని విషం సంగతి నేనూ ఆలోచించలేదు. అయినా నా అనుమానం నాకుంది, కొలిచేవాడూ రాసేవాడూ ఒకే ఆఫీసువాడు అయితే?

అర్ధాయువు · సాయంత్రం 5:05

నిజం గారూ, న్యాయమైన ప్రశ్న. రోజూ మా పక్కన ఉండి చెక్ చేసేవాళ్లు హెల్త్ ఫిజిక్స్, అంటే రేడియేషన్ భద్రత చూసే విభాగం వాళ్లు. వాళ్ల జవాబుదారీ మా బాస్‌కి కాదు, మా పని ఆపేసే అధికారం వాళ్లకుంది, నాది రెండుసార్లు ఆపారు, నాకు ఒళ్లు మండింది కూడా. హద్దులు పెట్టేది ఏఈఆర్‌బీ. కానీ ఏఈఆర్‌బీ అణుశక్తి శాఖకి మరీ దగ్గరగా ఉందన్న విమర్శ పార్లమెంటు దాకా వెళ్లిందే, దాన్ని వేరే చట్టబద్ధ సంస్థగా మార్చాలని 2011లో బిల్లు కూడా పెట్టారు, పాస్ కాలేదు. మీ అనుమానం మీరు ఉంచుకోండి, మాకూ మంచిదే.

పల్నాటి_సాయి · సాయంత్రం 6:40

ఇంత రెస్పాన్స్ అనుకోలేదు. అందరికీ థాంక్స్ అండి. పాత బీకరు సార్, మీకు ఎప్పుడైనా అయిందా? అంటే ఒంటికి అంటుకోవడం లాంటిది. అబద్ధం చెప్పొద్దు సార్.

బుల్లెట్_రాజు · సాయంత్రం 6:52

పాయింటుకి వచ్చాడు తమ్ముడు.

పాత_బీకరు · రాత్రి 10:15

అయింది, ఒక్కసారి. ఎక్కడ, ఏ సంవత్సరం అన్నది వదిలెయ్. మధ్యాహ్నం మాస్ స్పెక్ వాళ్లు మా శాంపిల్ కోసం ఎదురుచూస్తున్నారు, మర్నాటి నుంచి మిషన్ సర్వీసింగ్‌కి పోతుంది. గ్లవ్ బాక్సులో కుడిచేతి గ్లవ్ పాతబడింది, చిటికెన వేలు దగ్గర రబ్బరు తెల్లబడి కనిపిస్తూనే ఉంది, మార్చాలంటే అరగంట. పని అయ్యాక మారుద్దాంలే అనుకున్నాను. లోపల గాజు వయల్ అంచు ఒరుసుకున్నట్టుంది. నాకు తెలియలేదు.

చేతులు బయటికి తీసి, అలవాటు ప్రకారం ఆల్ఫా కణాల్ని పసిగట్టే ప్రోబ్ కింద పెట్టాను. మామూలుగా అది ఎప్పుడో ఒకసారి టిక్ అంటుంది. ఆ రోజు చిటికెన వేలు దగ్గరికి రాగానే వేడి పెనం మీద ఆవాలు చిటపటలాడినట్టు మోగింది. గుండె జారి కడుపులో పడింది. పక్కనున్న హెల్త్ ఫిజిక్స్ కుర్రాడు, నాకన్నా పదేళ్లు చిన్నవాడు, సార్ మీరు ఎక్కడివారక్కడే ఉండండి, దేన్నీ ముట్టుకోకండి, మొహం అసలే ముట్టుకోకండి అన్నాడు. అప్పటిదాకా దురద లేని ముక్కు ఆ క్షణం నుంచి దురద మొదలుపెట్టింది, చెప్తే నమ్మవు.

ఇంట్లో వాడే మామూలు సబ్బు, గోరువెచ్చని నీళ్లు, మెత్తటి బ్రష్. గట్టిగా రుద్దకూడదు, చర్మం గీసుకుపోతే అది లోపలికి దారి. కడగడం, తుడవడం, ప్రోబ్ పెట్టడం. తగ్గింది, మళ్లీ కడగడం. ఏడుసార్లో ఎనిమిదిసార్లో. చర్మం శుభ్రమైంది గానీ గోరు అంచున మాత్రం టిక్ టిక్ అంటూనే ఉంది. చివరికి ఆ కుర్రాడే చిన్న కత్తెర తెచ్చి, నా చేయి తన చేతిలో పెట్టుకుని, చంటిపిల్లకి కత్తిరించినట్టు చిటికెన వేలి గోరు కత్తిరించాడు. ఆ ముక్క కవరులో వేసి లేబుల్ రాశాడు. మళ్లీ ప్రోబ్ పెడితే నిశ్శబ్దం. అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు.

ముక్కులో దూదితో స్వాబ్ తీశారు. వారం రోజులు అర్ధాయువు చెప్పిన ఆ క్యాను మోశాను. లోపలికి ఏమీ పోలేదని తేలింది. ఆఖరి బస్సు పోయింది, సెక్యూరిటీ జీపులో ఇంటికి వచ్చాను. మా ఆవిడ ఎందుకు లేటయింది అంటే ఏం లేదు, గోళ్లు తీసుకున్నా అన్నాను. నిజమే కదా.

ఆ రోజు మాస్ స్పెక్ శాంపిల్ వెళ్లలేదు, నెల ఆలస్యమైంది, ప్రపంచం మునిగిపోలేదు. రిపోర్టులో కారణం అన్న గడిలో గ్లవ్ పాతది అని రాశాను. ఆ కుర్రాడు చదివి, సార్, గ్లవ్ పాతది అని మీకు ముందే తెలుసు కదా, అదీ రాయండి అన్నాడు. రాశాను.

జీడిమెట్ల_మొనగాడు · రాత్రి 10:40

సార్ 🙏

విమానం_ఎక్కినోడు · ఆదివారం తెల్లవారుజామున 2:20

అమెరికా నుంచి. పీహెచ్‌డీ తర్వాత ఇటు రావాలనుకునేవాళ్లకి ఒక్క మాట. ఇక్కడి నేషనల్ ల్యాబుల్లో ఆక్టినియం-225 మీద గిరాకీ బాగా ఉంది, క్యాన్సర్ మందుల కోసం. అర్ధాయువు పది రోజులే, ఎంత తీసినా చాలట్లేదు. కానీ ఆక్టినైడ్ (యురేనియం, ప్లుటోనియం కుటుంబం) పనిలో చాలా పోస్టులకి సిటిజన్‌షిప్ అడుగుతారు, మనకి దొరికేవి తక్కువ. గ్లవ్ బాక్సులో చేయి తిరిగినవాళ్లు మాత్రం ఇక్కడా తక్కువే. ఆ నేర్పు వీడియోలు చూస్తే వచ్చేది కాదు.

అర్ధాయువు · ఉదయం 9:10

సాయి, ట్రైనింగ్ గురించి మెసేజ్‌లో అడిగావు కదా, అందరికీ పనికొస్తుందని ఇక్కడే రాస్తున్నా. ఒక ఏడాది, క్లాసులూ పరీక్షలూ ఆగవు, ఇంజినీర్లతో కలిసి రియాక్టర్ ఫిజిక్స్ కూడా చదవాలి, మన ఎమ్మెస్సీ వాళ్లకి లెక్కల దగ్గర చెమటలు పడతాయి, ఏం కాదు. స్టైపెండ్ ఇస్తారు. అయ్యాక సైంటిఫిక్ ఆఫీసర్ సి అనే హోదాలో ఉద్యోగం. మూడేళ్లు చేస్తానని బాండ్ రాయాలి. హోమీ భాభా నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ద్వారా ఉద్యోగం చేస్తూనే పీహెచ్‌డీ చేయొచ్చు, నేనలాగే చేశాను.

చెడు కూడా చెప్తా. సామాను కొనడం నరకం. నేను ఒకప్పుడు పని చేసిన ఒక ఆఫీసులో ఒక్క పీహెచ్ ఎలక్ట్రోడ్ కోసం ఏడు నెలలు ఫైలు తిరిగింది, చివరికి వచ్చినది వేరే సాకెట్‌ది. ప్రతి గ్రాముకీ లెక్క, ప్రతి మిల్లీలీటరు వ్యర్థానికీ చీటీ. ప్రయోగం రెండు గంటలైతే కాగితాలు నాలుగు గంటలు. తొందర మనుషులకి ఇది సరిపడదు. నీ సంగతి నీకే తెలియాలి.

పల్నాటి_సాయి · మంగళవారం రాత్రి 8:30

ఈ రెండు రోజులూ థ్రెడ్ అంతా అమ్మకి చదివి వినిపించా. పంచకం దగ్గర నవ్వింది, గోరు దగ్గర కళ్లు తుడుచుకుంది, ఆ కుర్రాడెవరో బంగారంలాంటివాడు అంది. థైరాయిడ్ గోలీ దగ్గర, మన సుబ్బాయమ్మ పిన్నికి ఇచ్చింది అదేనా అని అడిగింది. అవునమ్మా అన్నా. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, అక్కడ అన్నం పెడతారా, ఆ చపాతీలేనా అంది.

ఫార్మా వాళ్లకి రానని మెయిల్ పెట్టేశా. నాన్న టేబుల్ మీద పేపర్ ముక్కలు పెట్టడం మానేశాడు, ఇవాళ ట్రైన్ టైమింగ్స్ పెట్టాడు.

కల్పాక్కం_కోడలు · రాత్రి 8:47

అమ్మకి చెప్పు, అణుశక్తినగర్ నుంచి చెంబూరు పక్కనే, సాంబారు, పెరుగన్నం అన్నీ దొరుకుతాయి. మాటుంగాకి వెళ్తే కంది పొడి కూడా. ఆవకాయ మాత్రం ఇంటి నుంచే పట్టుకెళ్లు, హాస్టల్లో స్నేహితులు వాళ్లంతట వాళ్లే పుడతారు.

బుల్లెట్_రాజు · రాత్రి 9:00

మెరిస్తే ఫొటో పెట్టు బ్రో. ఆల్ ది బెస్ట్.

పాత_బీకరు · రాత్రి 10:05

సంతోషం బాబూ. మంచి పెన్ను పట్టుకెళ్లకు, ఐదు రూపాయలది చాలు. బయల్దేరే ముందు గోళ్లు తీసుకో.